మెయిల్ అడుగున నా పేరు

రెండువేల తొమ్మిదిలో నేను గద్వాలలో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేదాన్ని. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు. అప్పటికి నాకు ఇరవై మూడేండ్లు. వనపర్తిలో డిప్లొమా చదివి వచ్చి రెండేండ్లయింది. ఆఫీసు మొత్తానికి ఒకటే కంప్యూటర్, దాని ముందు చెయ్యి విరిగిన కుర్చీ ఒకటి, ఆ కుర్చీలో నేను. పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి మెయిల్ తెరవాలె. వచ్చినవి ప్రింటు తీసి సూపరింటెండెంట్ సారు బల్ల మీద పెట్టాలె. ఆయన రాసిచ్చినవి టైపు చేసి పంపాలె. నా పని అంతే.

అంతే అయినా భయం మాత్రం ఎప్పుడూ ఉండేది. ఒక అంకె తప్పు కొడితే ఏమైతదో, ఒక ఆఫీసుకు పోవాల్సింది ఇంకో ఆఫీసుకు పోతే ఎవరు అడుగుతరో అని. పంపే బటన్ నొక్కే ముందు మూడుసార్లు చదివేదాన్ని. నొక్కినంక ఇంకోసారి చదివేదాన్ని.

ఈ భయం మా ఇంట్లోదే. మా అబ్బా కోర్టు ఎదురుగా చిన్న డబ్బా దుకాణంలో రబ్బరు స్టాంపులు చేసేటోడు. పేరు, దాని కింద హోదా, దాని కింద ఊరు. అక్షరాలు తిరగేసి పేర్చేది, రబ్బరు అద్దేది, కట్టె పిడికి అంటించేది. నేను ఏడో తరగతిలో ఉండంగ ఒకాయన వచ్చి ఒక హెడ్మాస్టర్ పేరు మీద స్టాంపు చేయించుకున్నడు. ఆ స్టాంపుతో దొంగ సర్టిఫికెట్లు పుట్టినయి. పోలీసులు వచ్చి అబ్బాను తీసుకపోయిన్రు. కొట్టలేదు, తిట్టలేదు, స్టేషన్‌లో బెంచీ మీద రెండు రోజులు కూచోబెట్టిన్రు. అమ్మీ టిఫిన్ డబ్బా కట్టిస్తే నేను తీసుకపోయిన. అబ్బా నా దిక్కు చూడకుండ తిన్నడు. వాళ్లు వదిలేస్తే ఇంటికి వచ్చిన తర్వాత, ఆఫీసు లెటర్ లేకుండ ఒక్క హోదా స్టాంపు కూడా చెయ్యలేదు. తెలిసినోళ్లు వచ్చి బతిమిలాడినా సరే. "పేరు ఎంత పెద్దగనన్న చేస్త. కింద హోదా కావాలంటే కాయితం చూపియ్యి" అనేటోడు.

ఆ యేడు వానలు మొదలైన కొన్నాళ్లకు పాలమూరు జిల్లా ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కింది ఆఫీసుల నుంచి వచ్చే మెయిళ్లు ఎవరు పంపుతున్నరో తెలుస్తలేదు, ఇక నుంచి ప్రతి మెయిల్ అడుగున పంపినోళ్ల పేరు, హోదా, ఆఫీసు, ఫోన్ నంబరు ఉండాలె, దాన్ని సిగ్నేచర్ అంటరు, ఈ వారంలోనే పెట్టుకోవాలె అని దాని సారాంశం.

మా సూపరింటెండెంట్ సారు ఖిల్లా ఘణపూర్ దిక్కు మనిషి. రిటైర్మెంటు దగ్గర పడ్డది. కంప్యూటర్ అంటే దూరం నుంచే నమస్కారం పెట్టేటాయన. సర్క్యులర్ నా చేతికిచ్చి, "ఇదేందో చూడమ్మా. సిగ్నేచర్ అంట" అన్నరు. నేను చదువుతుంటే ఆయన తెల్ల కాయితం తీసుకొని, దాని నడుమ పచ్చ సిరాతో సంతకం చేసి, "గిది అండ్లకు ఎక్కియ్యి" అన్నరు.

"సంతకం కాదేమో సార్" అన్న. కానీ నాకు కూడా సరిగ్గ తెల్వదు. నాగర్‌కర్నూల్‌లో ఇట్లనే ఒక ఆఫీసులో నా క్లాస్‌మేట్ ఒకామె ఆపరేటర్‌గా ఉండేది. ఆమెకు ఫోన్ చేసిన. ఆమె నవ్వింది. "సెట్టింగ్స్‌ల పెట్టె ఒకటుంటదే. అండ్ల ఏం రాస్తే అది ప్రతి మెయిల్ కింద దానంతటదే పడతది. ఒక్కసారి రాస్తె చాలు. ఇగ నువ్వు మర్చిపోయినా అది మర్చిపోదు."

ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు.

పెట్టె తెరిచి కూచున్న. సారు కుర్చీ జరుపుకొని పక్కన కూచున్నరు.

"ఎవరి పేరు పెట్టాలె సార్?"

"పంపేది నువ్వే గదమ్మా. నీ పేరే."

నా పేరు కొట్టిన. ఇంగ్లీషులో నా పేరు సర్టిఫికెట్‌లో ఒక తీరుగ, రేషన్ కార్డులో ఇంకో తీరుగ ఉంటది. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే కొట్టిన. ముందు అన్నీ పెద్దక్షరాలు పెట్టిన. అరుస్తున్నట్టు కనబడింది. తీసేసి మామూలుగ పెట్టిన. కొంచెంసేపు నీలం రంగు వేసి చూసిన, అది గూడ తీసేసిన.

"హోదా సార్?"

"ఏముంది, నీదే."

"నాది కాంట్రాక్టు సార్. ఆపరేటర్ అని పెట్టనా?"

సారు ముక్కు మీదికి జారిన కండ్లద్దాల పై నుంచి చూసిన్రు. "కాంట్రాక్టు అని ఎవరన్న రాసుకుంటరా? ఆపరేటర్ అన్నా బాగుండదు. పెద్దపెద్ద ఆఫీసులోళ్లు చూస్తరు, మన ఆఫీసుకు విలువ ఉండాలె గద. ఇన్‌ఛార్జి, కంప్యూటర్ విభాగం అని పెట్టు."

"విభాగం లేదు గద సార్ మనకు."

"నువ్వున్నవు, కంప్యూటరున్నది. ఇంకేం గావాలె."

ఫోన్ నంబరు దగ్గర ఇంకోసారి ఆగినం. రోడ్డు తవ్వినప్పుడు తెగిన ఆఫీసు లైను నెల రోజులైనా మళ్ల రాలేదు. మా ఆఫీసర్, పెద్దసారు, నంబరు పెట్టే మాటే లేదు. సూపరింటెండెంట్ సారు తన నంబరు వద్దన్నరు. బీపీ ఉంది, పొద్దుమాపు ఫోన్లు మాట్లాడలేనన్నరు. "నీ సెల్ నంబరే పెట్టు. మెయిల్ చూసి ఫోన్ జేసేది ఎంతమంది, నాలుగు ఆఫీసులు. అంతే."

నాలుగు లైన్లయినయి. నా పేరు. ఇన్‌ఛార్జి, కంప్యూటర్ విభాగం. ఆఫీసు పేరు, గద్వాల. నా సెల్ నంబరు. నాగర్‌కర్నూల్‌కు ఒక ఖాళీ మెయిల్ పంపి చూసిన. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ చేసి, "ఇన్‌ఛార్జి మేడం, నమస్తే" అన్నది. నేనూ నవ్విన. ఫోన్ పెట్టేసి ఆ రెండో లైను ఇంకోసారి చదివిన.

సాయంత్రం ఇంటికి పోయి అబ్బాకు చెప్పిన. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూనే, ఇక్కడ తెలుగులో రాస్తున్న. అబ్బా సబ్బుతో చేతుల సిరా కడుక్కుంటుండు. కడుక్కునేది ఆపిండు.

"ఇన్‌ఛార్జి అని నీకు ఆర్డర్ ఇచ్చిన్రా?"

"లేదు అబ్బా. సారు నోటితో చెప్పిన్రు."

"కాయితం లేదా?"

"లేదు."

"రేపు ఏదన్నా అయితే సారు, నేను చెప్పలేదు అంటడు. అప్పుడు ఎవరి పేరుంటది అక్కడ? ఎవరి నంబరుంటది?"

అబ్బా మళ్ల చేతులు కడుక్కున్నడు, అప్పటికే సిరా పోయినా. తెల్లారి ధైర్యం చేసి సారును అడిగిన, ఒక చిన్న కాయితం మీద రాసిస్తరా అని. ఆయన మొహం మారింది. "నా మీద నమ్మకం లేదా అమ్మా" అన్నరు. అంతటితో ఆ మాట వదిలేసిన. తర్వాత రెండు నెలలు ఏమీ కాలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ప్రతి మెయిల్ అడుగున ఆ నాలుగు లైన్లు పడుతూనే ఉన్నయి. రెండో లైను కనబడ్డప్పుడల్లా నేను చూపు తిప్పుకునేదాన్ని.

తర్వాత వరద వచ్చింది.

పై నుంచి నీళ్లు వదులుతున్నరన్న కబురు వచ్చినప్పుడు గద్వాలలో మామూలుగనే వాన పడుతున్నది. తెల్లారేసరికి తుంగభద్ర ఎక్కడ ఆగిందో చెప్పేటోడు లేడు. అలంపూర్‌లో వీధుల్లోకి నీళ్లొచ్చినయని ఒకరు, ఊరే మునిగిందని ఒకరు. ఆఫీసులో సగంమంది అటు పోయిన్రు. నేను, సూపరింటెండెంట్ సారు, ఒక అటెండరు మిగిలినం. అటు పోయినోళ్లు ఫోన్లో చెప్పేవి నేను రాసుకునేది: ఊరి పేరు, ఎన్ని ఇండ్లు, ఎంతమందిని బయటికి తెచ్చిన్రు, ఏ క్యాంపులో పెట్టిన్రు. గంటకోసారి దాన్నంతా టైపు చేసి అన్ని ఆఫీసులకూ మెయిల్ పంపేది. ఊరు ఖాళీ అయిందని చెప్తే ఆ ఊరి ఎదురుగ టిక్కు పెట్టేది.

ఆ రిపోర్టును ఎవరో ఉన్నదున్నట్టు ఇంకొకరికి పంపిన్రు. వాళ్లు మరొకరికి. ఒక టీవీలో కింద పారే అక్షరాల్లో నా నంబరు పోయిందని తర్వాత తెలిసింది. రెండో రోజు పొద్దున తొమ్మిదికి మొదటి ఫోన్ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒకాయన. "ఇన్‌ఛార్జి మేడమేనా?" అని అడిగిండు. నేను ఔనన్న. వాళ్ల అన్న కుటుంబం ఎక్కడుందని అడిగిండు. నా దగ్గర ఊర్ల పేర్లున్నయి, అంకెలున్నయి, మనుషుల పేర్లు లేవు. ఆ మాటే చెప్పిన. ఆయన, "మీరు ఇన్‌ఛార్జి గద, మీకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది" అని పెట్టేసిండు.

దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. బొంబాయి, పూనా, బెంగళూరు. పాలమూరోళ్లు పనికి పోయిన ఊర్లన్నిటి నుంచీ. రాయచూర్ నుంచి ఒక ముసలామె కన్నడంలో ఏడ్చింది. నాకు సగమే అర్థమైంది. ఫోన్ చార్జింగ్ అయిపోతుంటే వైరు గోడకు తగిలించి, దాని పక్కన నిలబడే మాట్లాడిన. కూచుంటే వైరు అందదు. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో లిస్టు. ఫోన్ ఎత్తాలంటే భయం. ఎత్తకపోతే ఇంకా భయం. ఎత్తకపోతే వాళ్లకు ఏమైందో, ఎత్తితే నేనేం చెప్పాలో.

పదిగంటలకు పూనా నుంచి ఒకామె చేసింది. కాయిన్ బాక్స్ నుంచి. బిళ్ల పడ్డ చప్పుడు వినబడేది, కొంచెంసేపు మాట్లాడంగనే కట్టయ్యేది, మళ్ల బిళ్ల వేసి చేసేది. ఆమె బిల్డింగు పనిలో ఉన్నది. మొగుడు, చెల్లెలి మొగుడు గూడ అక్కడనే. చెల్లెలు మాత్రం ఇద్దరు పిల్లలతోటి అలంపూర్ దగ్గర నది ఒడ్డు పల్లెలో ఉన్నది, పెద్దపిల్ల బడికి పోతదని. కింది వాడలో ఇల్లు. చెల్లెలి ఫోన్ మోగుతలేదు. అట్ల మూడుసార్లు అడిగింది, మూడుసార్లు కనుక్కొని చెప్తనన్న. కనుక్కునే దారి నాకు లేదు. అటుపోయినోళ్ల ఫోన్లు కలిస్తే కలుస్తయి, లేకుంటే లేదు.

నాలుగోసారి చేసినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అప్పటికి ఎన్ని ఫోన్లు ఎత్తిననో లెక్క లేదు. అంతకు ముందే ఒకాయన నన్ను, నా వాళ్లను కలిపి తిట్టి పెట్టేసిండు. లిస్టులో ఆమె ఊరి ఎదురుగ టిక్కు ఉన్నది. నేను పెట్టిందే.

"మేడం, నేనే. పూనా నుంచి. మా చెల్లె ముచ్చట ఏమన్న తెలిసిందా?"

"మీ ఊరోళ్లను తెచ్చిన్రమ్మా. క్యాంపుల ఉన్నరు."

"మా చెల్లె ఉన్నదా? పిల్లలు?"

"ఉన్నరు."

"మీరు చూసిండ్రా మేడం?"

ఆ ఒక్క ఫోన్ అయిపోతే చాలని నాకనిపించింది. అంతకు మించి ఆ నిమిషం నా మనసులో ఏమీ లేదు.

"చూసిన" అన్న.

బిళ్ల పడ్డ చప్పుడైంది. ఆమె మెల్లగ అన్నది. "పక్క మిట్ట మీది ఊర్ల మాకు సుట్టం ఒకాయన ఉన్నడు మేడం. నది దాటే పుట్టి ఉన్నది ఆయనకు, గుండ్రటి తట్ట పడవ. పొయ్యి చూసి రమ్మని చెప్దామని నంబరు పట్టుకొచ్చిన. మీరు చూసిన్రు గద, ఇగ ఆయనకు వద్దని..."

కట్టయింది.

ఆ మాట సగంలోనే నాకు చేసిన పని తెలిసింది. వెంటనే ఆ నంబరుకు తిరిగి చేసిన. చాలాసేపు మోగినంక ఒకాయన ఎత్తిండు, కాయిన్ బాక్సు ఉన్న దుకాణపాయన. హిందీలో అడిగిన, ఇప్పుడు మాట్లాడినామె ఉన్నదా అని. "పోయింది" అన్నడు. ఎటు పోయింది అంటే, ఇక్కడ రోజుకు వంద మంది మాట్లాడతరు అన్నడు. మళ్ల వస్తే నాకు ఫోన్ చెయ్యమని చెప్పమన్న. ఏమని చెప్పాలె అని అడిగిండు. గద్వాల మేడం చెయ్యమన్నదని చెప్పమన్న. సరేనని పెట్టేసిండు.

పావుగంటకు అటువైపు నుంచి మా ఆఫీసాయన ఒకరు ఫోన్ చేసిన్రు. చెప్పిన ఊర్లలో ఒకదానికి టిక్కు తీసెయ్యమన్నరు. పై వాడ మాత్రమే ఖాళీ అయిందట. కింది వాడకు పోయే దారి తెగింది, అక్కడోళ్లు ఇంకా రాలేదట. ఆయన చెప్పిన ఊరు ఆమెదే.

నేను టిక్కు తీసేసిన. తర్వాత ఎంతసేపు అట్ల గోడకు ఆనుకొని నిలబడ్డనో తెల్వదు. నా కండ్ల ముందు రెండు బొమ్మలు వస్తున్నయి. ఒకటి, పుట్టి ఆయన గుడిసె ముందు కూచొని బీడీ తాగుతున్నట్టు. రెండోది, పోలీస్ స్టేషన్‌లో బెంచీ, దాని మీద నేను. నిజం చెప్పాలె కాబట్టి చెప్తున్న, ఆ రెండిట్లో మొదలు నన్ను ఏడిపించింది రెండోదే. నా పేరు, నా నంబరు, లేని హోదా. చూడనిది చూసిన అన్న మాట. పిల్లలకు ఏమన్నా అయితే ఎవరు అడుగుతరు, ఎవరిని అడుగుతరు.

సారు దగ్గరికి పోయి అంతా చెప్పిన. ఏడుస్తనే చెప్పిన. ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన్రు. తిడతరని చూసిన. అబ్బా అన్నట్టే, నేను పెట్టమన్ననా అంటరని గూడ చూసిన.

"ఇన్‌ఛార్జి అని పెట్టమన్నది నేనే గదమ్మా" అన్నరు. కొంచెం ఆగి, "నంబరు గూడ నేనే పెట్టమంటి" అన్నరు.

ఆయన లేచి వచ్చి నా కుర్చీలో కూచున్నరు. మొదటిసారి అనుకుంట ఆ కుర్చీలో కూచునుడు. నన్ను నిలబడి చెప్పమన్నరు, ఆయన కొడుతరట. ఒక అక్షరం వెతకనీకె ఒక నిమిషం పట్టింది. నేనే మళ్ల కూచొని టైపు చేసిన, పడవలు పంపేటోళ్లకు. ఊరు, కింది వాడ, ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు. కింద ఇట్ల రాసిన: ఈ ముగ్గురిని మేము చూడలేదు, ఆమె అక్క పూనా నుంచి ఫోన్‌లో చెప్పిన మాట మీదనే రాస్తున్నాము, తప్పకుండ పోయి చూడగలరు.

పంపే ముందు సెట్టింగ్స్ తెరిచిన. రెండో లైను తీసేసి, కంప్యూటర్ ఆపరేటర్, కాంట్రాక్టు అని కొట్టిన. సారు వెనక నిలబడి చూసిన్రు. "నా సెల్ నంబరు గూడ పెట్టమ్మా" అని అంకెలు ఒక్కొక్కటే చెప్పిన్రు. మెయిల్ పోయింది. అరగంటకు, అందింది అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు. పూనా నుంచి ఫోన్ రాలేదు. మిగిలిన ఫోన్లు మోగుతనే ఉన్నయి. ఆ కాయిన్ బాక్సు నంబరు కాదని చూసిన ప్రతిసారి కొంచెం ఊపిరి వచ్చేది, వెంటనే అదే భయమయ్యేది.

ఇంటికి పోయినంక అబ్బాకు దాచలేదు. ఆయన విని, కాయితం సంగతి ఎత్తలేదు. "ఆ ఊరు పేరేంది?" అని అడిగిండు. చెప్పిన. మసీదు దగ్గర రొట్టెలు కట్టి క్యాంపులకు పంపుతున్నరు, పొద్దున ఒక లారీ పోతది, ఇద్దరం పోదాం అన్నడు. అమ్మీ మా ముందర అన్నం పెట్టింది. అబ్బా తినలేదు, నేనూ తినలేదు. అమ్మీ ఎత్తిపెట్టింది.

సారును ఫోన్‌లో అడిగితే, ఎట్లయినా క్యాంపుల్లో మనుషుల పేర్లు రాసుకొచ్చేటోళ్లు కావాలె, పొమ్మన్నరు. లారీలో రొట్టెల మూటల నడుమ కూచొని పోయినం. దారిపొడుగునా పత్తి చేన్లలో నీళ్లు నిలబడ్డయి. నా ఫోన్ మోగినప్పుడల్లా అబ్బా నా మొహం దిక్కు చూసేటోడు.

అలంపూర్ చౌరస్తా దగ్గరి కాలేజీలో మొదటి క్యాంపు. గదిగదికి పోయి పేర్లు రాసుకుంట అడిగిన. ఆ ఊరోళ్లు లేరు. రెండోది మార్కెట్ యార్డు షెడ్డు. అక్కడ ఆ ఊరోళ్లు దొరికిన్రు, అందరూ పై వాడోళ్లే. బురద చీరతోటి గోడకు కూచున్న ఒకామెను అడిగిన.

"కింది వాడోళ్లు బడి మేడ ఎక్కిన్రు. మేము వచ్చేటప్పుడు చూసినం" అన్నది.

"ఇద్దరు పిల్లలతోటి ఒకామె ఉండెనా? అక్క పూనాల ఉంటది."

"ఎక్కిందో లేదో తెల్వదమ్మా. సన్నపిల్లను ఎత్తుకొని పోతుంటె చూసిన. మేడ దిక్కే పోయిందో, ఇంటి దిక్కే పోయిందో."

నేను పేర్లు రాసుడు ఆపలేదు. చెయ్యి రాస్తనే ఉన్నది. అబ్బా రొట్టెలు పంచుతుండు. మధ్యాహ్నం నమాజు టైము దాటినంక ఒక ట్రాక్టర్ వచ్చి యార్డు ముందర ఆగింది. ట్రాలీలో పదిపన్నెండు మంది, మీద ఒకటే పట్టా కప్పుకొని ఉన్నరు. వాళ్లు దిగుతుంటే నేను లిస్టు పట్టుకొని షెడ్డులోనే ఉండిపోయిన. అబ్బా పోయిండు. ఒక్కొక్కరిని చెయ్యి పట్టి దింపిండు. ఒకామె చంకలో సన్నపిల్లతో దిగింది. ఆమె వెనక ఏడెనిమిదేండ్ల ఆడపిల్ల, చేతిలో ఒకటే చెప్పు పట్టుకొని.

అబ్బా ఆమెను ఏదో అడిగి, నా దిక్కు తిరిగి తల ఊపిండు.

దగ్గరికి పోయిన. "మీ అక్క పూనాల ఉంటదా?" అని అడిగిన.

"ఉంటది. మీకెట్ల తెలుసు?"

"ఎట్ల వచ్చిన్రు మీరు?"

"మా సుట్టపాయన పుట్టి ఏసుకొని వచ్చిండు. అక్క ఫోన్ జేసి చెప్పిందంట. పొద్దున కొంచెం నీళ్లు తీసినంక రెండుసార్లు తిరిగి అందర్ని దాటిచ్చిండు. పడవోళ్లు గూడ వచ్చిన్రు, మేము దిగినంక."

నాకు అర్థం కాలేదు. వద్దని చెప్తనన్నది గద ఆమె. అక్కడనే నిలబడి కాయిన్ బాక్సుకు ఫోన్ చేసిన. దుకాణపాయన ఎత్తి, "ఆమె పొద్దటి నుంచి ఊరి ఫోన్ కోసం ఇక్కడనే కూచున్నది" అన్నడు. నేను ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టిన. ఆమె అక్కా అన్నది. పెద్దపిల్ల ఫోన్ తీసుకొని, బడి మేడ మీద వాన పడ్డది, నా పుస్తకాలు పోయినయి, తాత పుట్టి గిరగిర తిరిగింది అని అన్నీ చెప్పింది. తర్వాత ఫోన్ నాకిచ్చి, "పెద్దమ్మ మీతోటి మాట్లాడతదంట" అన్నది.

"మేడం" అన్నది ఆమె.

"నేను చూడలేదమ్మా" అన్న. "నిన్న నేను అబద్ధం చెప్పిన. మీరు పుట్టి ఆయనకు వద్దని చెప్పి ఉంటే..."

"నాకు తెలుసు మేడం. మీరు చూసిన అన్నప్పుడు మీ గొంతు వణికింది. ఆయనకు వద్దంటనని నోటితో అన్న గని, ఫోన్ కట్టయినంక అనుకున్న, ఈమె చూడలె, నన్ను వదిలించుకుంటున్నది అని. పక్క దుకాణానికి పొయ్యి చిల్లర తెచ్చి ఆయనకు ఫోన్ జేసిన. కాళ్లు మొక్కి చెప్పిన."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

"మీరు గూడ చిన్నపిల్లలాగనే ఉన్నరు, గొంతు వింటె. ఇంకెవ్వరికీ అట్ల చెప్పకుండ్రి మేడం. అందరికీ గొంతు తెల్వదు" అన్నది. పనికి పోవాలె, పొద్దటి నుంచి రాలేదని మేస్త్రీ కేకలేస్తుండు అని పెట్టేసింది.

ఫోన్లు ఇంకో పదిరోజులు వచ్చినయి. ఆమె చెప్పిన తీరుగనే చేసిన. తెల్వకపోతే తెల్వదన్న. నంబరు రాసుకొని, కనుక్కొని తిరిగి చేసిన. కొందరు తిట్టిన్రు. కొందరు, తెల్వకుంటే నంబరెందుకు పెట్టినవని అడిగిన్రు. సారు ఫోన్ గూడ మోగేది. బీపీ గోలీ వేసుకొని ఆయనా మాట్లాడేటోరు. హోదా గురించి పై నుంచి ఎవ్వరూ అడగలేదు. అడుగుతరని నేను ఏడాది పాటు, నా కాంట్రాక్టు అయిపోయేదాకా, చూసిన.

రాసుకున్న నంబర్లన్నిటికీ తిరిగి చేసిన, రెండిటికి తప్ప. ఆ రెండు ఇండ్లోళ్ల గురించి వచ్చిన కబురు మంచిది కాదు. ఫోన్ చేతిలో పట్టుకొని అంకెలు కొట్టి, ఆపి, మళ్ల కొట్టి, నావల్ల కాలేదు. కాయితం సారు ముందర పెట్టిన. ఆయన చదివి, తలుపు దగ్గరికి వేసుకొని ఆ రెండు ఫోన్లు చేసిన్రు. నేను బయట వరండాలో నిలబడ్డ. మాటలు వినబడకుండ కొంచెం దూరం జరిగి నిలబడ్డ.